రెండడుగుల తొట్టి: నీరు కుదిరాకే చేపలు

ఇంట్లో చేపల తొట్టి పెట్టాలనుకున్నవారిలో చాలామంది ఒక్క ఆదివారం సాయంత్రంతో పనంతా ముగిస్తారు. తొట్టి, రంగురాళ్ళు, మోటారు, ఒక ప్లాస్టిక్ మొక్క, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఒకే దుకాణంలో కొని, ఇంటికి రాగానే కుళాయి నీళ్ళు నింపి, భోజనాల వేళకు లైటు వేసి పిల్లలతో కలిసి చూస్తారు. మూడో రోజుకు నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడతాయి. వారం తిరిగేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పదో రోజుకు తొట్టి ఖాళీ అవుతుంది, ఆపైన అది అటక మీదికి చేరుతుంది, లేదా అందులో ఉల్లిపాయలు పోసుకుంటారు. నా మొదటి తొట్టి కథ సరిగ్గా ఇదే. రెండు రోజులకోసారి నీళ్ళు మొత్తం మార్చమని అమ్మినాయన చెప్పాడు, నేను అలాగే మార్చాను. మిగిలిన రెండు చేపలూ అలా మార్చడం వల్లే పోయాయని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

కొల్లేటి చుట్టుపక్కల చెరువులు చేసే రైతులు ఈ పొరపాటు చేయరు. చెరువు తవ్విన రోజే చేపపిల్లను వదిలేవారు అక్కడ కనిపించరు. సున్నం చల్లి, నీరు పెట్టి, ఎరువు వేసి, నీటికి రంగు తిరిగేదాకా ఆగి, ఆ తర్వాతే పిల్లను దింపుతారు. ఇంటి తొట్టికి సున్నమూ ఎరువూ అక్కరలేదు గానీ, ఆగడం మాత్రం అంత అవసరమే. ఈ వ్యాసంలో తొట్టి కొనడం నుంచి సంక్రాంతికి ఊరెళ్ళడం దాకా చెప్పేదంతా ఆ ఆగడం చుట్టూనే తిరుగుతుంది.

తొట్టి, దానిని ఉంచే చోటు

మొదటి తొట్టికి 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సరైన కొలత. లెక్కకు అది దాదాపు 57 లీటర్లు. అడుగున రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా నిజంగా పట్టేది దాదాపు 45 లీటర్లు. ఇంతకంటే చిన్నదైతే చూసుకోవడం తేలిక అనిపిస్తుంది గానీ నిజం దానికి తలకిందులు. 5 లీటర్ల గాజు గిన్నెలో ఒక చిటికెడు మేత కుళ్ళినా నీరంతా విషమవుతుంది, అదే చిటికెడు 45 లీటర్లలో పడితే మీరు గమనించి సరిదిద్దుకునేందుకు ఒకటి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. గుండ్రటి గిన్నెలను అలంకరణ సామగ్రిగా చూడాలే తప్ప చేపల ఇళ్ళుగా చూడకూడదు.

నీళ్ళు, రాళ్ళు, గాజు కలిపి ఈ తొట్టి 65 కిలోల దాకా తూగుతుంది, అంటే ఒక పెద్దమనిషి రాత్రీ పగలూ కదలకుండా కూర్చున్నట్టు. ప్లాస్టిక్ స్టూలూ, టీవీ పెట్టుకునే పలచని చెక్క బల్లా ఈ బరువుకు పనికిరావు. వంటింటి గట్టులాంటి రాతి పలకగానీ ఇనుప స్టాండుగానీ ఉండాలి. తొట్టి కింద అంగుళంలో సగం మందం థర్మోకోల్ షీటు పరిస్తే చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళు సర్దుకుంటాయి. నింపే ముందు తాపీ మేస్త్రీల దగ్గరుండే రసమట్టంతో నాలుగు వైపులా చూసుకోవాలి. అది దొరకకపోతే తొట్టిలో నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి, రెండు చివరలా స్కేలుతో కొలిస్తే వాలు బయటపడుతుంది. కొత్త తొట్టిని బాల్కనీలో పూర్తిగా నింపి ఒక రోజంతా ఉంచి, అతుకుల దగ్గర చెమ్మ లేదని తేల్చుకున్నాకే లోపలికి తేవాలి.

చోటు విషయంలో చాలామంది ముందు వాస్తు అడుగుతారు, ఈశాన్యం మూల మంచిదంటారు. నమ్మకంతో నాకు పేచీ లేదు. అయితే ఆ మూలలో తూర్పు కిటికీ ఉంటే పొద్దుటి ఎండ నేరుగా పడి రెండు వారాల్లో గాజంతా పచ్చగా నాచు పడుతుందని మాత్రం చెప్పగలను. నేరుగా ఎండ తగలని, స్విచ్‌బోర్డు చేతికందే దూరంలో ఉన్న, బకెట్టు పట్టుకుని సులువుగా తిరగగలిగే గోడ ఏదైనా సరిపోతుంది.

సామాను

ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే దీపాల దగ్గరా బొమ్మల దగ్గరా తగ్గించుకోవచ్చు గానీ ఫిల్టరు దగ్గర తగ్గించుకోకూడదు. ఈ కొలత తొట్టికి స్పాంజి ఫిల్టరు, దానిని నడిపే ఎయిర్ పంపు చాలు. బుడగలు పైకి లేస్తూ స్పాంజి గుండా నీటిని లాగుతాయి, మురికి స్పాంజిలో ఆగుతుంది, నీటి పైభాగం కదిలి గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది. చూడటానికి ఇది అందంగా ఉండదు, అయినా చేపపిల్లలను లోపలికి లాగేసుకోని ఫిల్టరు ఇదే.

ఎయిర్ పంపును నీటి మట్టానికి పైన పెట్టాలి. కింద పెట్టినప్పుడు కరెంటు పోతే, గొట్టంలోకి నీళ్ళు వెనక్కి వచ్చి పంపులోంచి స్విచ్‌బోర్డు మీదికి కారే ప్రమాదం ఉంది. పైన పెట్టే వీలు లేకపోతే గొట్టం మధ్యలో నీటిని వెనక్కి రానివ్వని చిన్న వాల్వు తప్పనిసరిగా తగిలించాలి. ప్రతి కరెంటు తీగా ప్లగ్గుకు వెళ్ళేముందు ఒకసారి కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళేలా వదిలితే, తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గు దాకా వెళ్ళదు.

అడుగున పరవడానికి కంకరలాంటి సన్నటి నదిరాళ్ళు రెండంగుళాల మందంలో చాలు. బకెట్టులో వేసి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. పదిసార్లు కడగాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు. రాయి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే బుసబుసమని నురగ వస్తే అది సున్నపురాయి జాతి అని అర్థం. పాలరాతి ముక్కలు, గవ్వలు, సముద్రపు ఆలుచిప్పలు ఇలాంటివే. ఇవి నెమ్మదిగా కరిగి, ఇప్పటికే కఠినంగా ఉండే మన నీటిని ఇంకా కఠినం చేస్తాయి. ఎల్‌ఈడీ దీపం రోజుకు ఏడు గంటలకు మించి వెలగనక్కరలేదు. మూత మాత్రం ఉండాలి, ఎందుకంటే జీబ్రా చేపలు రాత్రిపూట ఎగురుతాయి, తెల్లారేసరికి సోఫా కింద దొరుకుతాయి.

మొక్కలు పెట్టదలిస్తే జావా ఫెర్న్, అనూబియాస్ రెండూ తక్కువ వెలుగులో, ఎరువు లేకుండా బతుకుతాయి. వాటి దుంపను రాళ్ళలో పాతితే కుళ్ళిపోతుంది, అందువల్ల నల్ల దారంతో ఒక రాయికి కట్టి వదలాలి. మన కాలువల్లో దొరికే అంతరతామర తొట్టిలోనూ చక్కగా పెరిగి మురికిని పీల్చుకుంటుంది. కాలువ నుంచి తెచ్చిన దేనినైనా లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటిలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి వాడుకోవాలి. అయినా ఒకటో రెండో నత్తలు వస్తాయి. వాటి వల్ల ప్రమాదం లేదు, మేత ఎక్కువ వేస్తున్నామని అవి తామరతంపరగా పెరిగి మనకు చెబుతాయి.

ఏ నీళ్ళు?

మన ఇళ్ళలో నీళ్ళు మూడు దారుల్లో వస్తాయి, మూడింటికీ మూడు రకాల జాగ్రత్తలు కావాలి.

మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మనకు అది రక్షణ, చేపల మొప్పలకు మంట, ఫిల్టరులో పెరిగే బాక్టీరియాకు చావు. వెడల్పాటి బకెట్టులో పట్టి, ఎయిర్ పంపు గొట్టం వేసి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. తొందరగా కావాలంటే అక్వేరియం దుకాణాల్లో హైపో పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ వాడాలి. బియ్యపు గింజంత పలుకులు నాలుగైదు 20 లీటర్ల బకెట్టులో కరిగిస్తే కొద్ది నిమిషాల్లోనే పని జరుగుతుంది. ట్యాంకరు నీళ్ళకూ ఇదే జాగ్రత్త. అపార్టుమెంటు వారికి ఒక మాట అదనంగా చెప్పాలి. పైన ట్యాంకు కడిగించిన రోజున అందులో బ్లీచింగ్ పౌడర్ ధారాళంగా పడుతుంది కనుక, ఆ వారం తొట్టి నీళ్ళు మార్చకపోవడమే మేలు. ఆ కబురు ముందే తెలిసేలా వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాలి.

బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు, కఠినత్వం ఉంటుంది. బకెట్టు అంచున, గీజరు లోపల తెల్లగా పేరుకునేది అదే. మా అపార్టుమెంటు బోరు నీళ్ళు, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో 700 దాటి చూపిస్తాయి, వాటిలోనే గప్పీ చేపలు తరాలకు తరాలు పెరిగాయి. కాబట్టి కఠినమైన నీళ్ళంటే భయపడనక్కరలేదు, వాటికి తగిన చేపలను ఎంచుకుంటే చాలు. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది గనుక రాత్రంతా బకెట్టులో ఉంచి వాడాలి.

మనం తాగే ఆర్‌ఓ నీళ్ళు చేపలకు ఇంకా మంచివనుకుని కొందరు తొట్టి మొత్తం వాటితోనే నింపుతారు. ఆ నీటిలో లవణాలు దాదాపు ఉండవు, చేపలకు లవణాలు కావాలి. అంతేకాక పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను, నిలబెట్టే శక్తి ఆ నీటికి లేకపోవడంతో కొన్ని వారాల్లో అది ఒక్కసారిగా పడిపోతుంది. మరీ కఠినమైన బోరు నీటిలో మూడో వంతు ఆర్‌ఓ నీళ్ళు కలిపి వాడుకోవచ్చు, అంతవరకే.

చేపలు లేని నెల

ఇక అసలు పని. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది. తినకుండా మిగిలిన మేతా, రెట్టా, రాలిన ఆకులూ కుళ్ళి మరింత అమ్మోనియా తయారవుతుంది. చెరువులో నీరు విస్తారం కనుక అది పలచబడుతుంది, తొట్టిలో పలచబడే దారి లేదు. ఒక జాతి బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో జాతి బాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంతమేరకు ఉన్నా చేపలకు హాని లేదు, వారానికోసారి కొంత నీరు మారిస్తే, నాలుగు మొక్కలుంటే అది అదుపులోనే ఉంటుంది. ఈ రెండు జాతులూ నీటిలో తేలుతూ ఉండవు, ఫిల్టరు స్పాంజికీ రాళ్ళకూ పల్చటి జిగురులా అంటుకుని బతుకుతాయి. కొత్త తొట్టిలో ఇవి ఉండవు, తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండు రోజులకోసారి మొత్తం నీళ్ళు మార్చి, స్పాంజిని కుళాయి కింద సబ్బుతో తోమితే అవి ఎప్పటికీ పెరగవు. నేను ఏడాది పాటు చేసిన తప్పు అదే.

మన ప్రాంతానికి సంబంధించి ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి దాదాపు నిరపాయకరం, రెండోది తీవ్రమైన విషం. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్, వేడి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషరూపం సుమారు పది రెట్లవుతుంది, వేడి పెరిగినకొద్దీ ఇంకా పెరుగుతుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల 8కి దగ్గరగా ఉంటాయి, మన గదులు ఏడాదిలో సగం రోజులు 30 డిగ్రీల పైనే ఉంటాయి. మెత్తటి నీళ్ళున్న చల్లటి దేశంలో ఎవరో మొదటి రోజే చేపలు వేసి నెగ్గుకొచ్చిన వీడియో చూసి మనం అదే చేస్తే, అంతే అమ్మోనియా మన తొట్టిలో ప్రాణాంతకమయ్యేది ఇందుకే.

చేయవలసిన పని మాత్రం చాలా సులువు. తొట్టిలో రాళ్ళు, మొక్కలు, నీళ్ళు అమర్చి ఫిల్టరు నడపాలి, దాన్ని ఇక ఎప్పుడూ ఆపకూడదు. రోజు విడిచి రోజు ఒక చిన్న చిటికెడు చేపల మేత వేసి, కుళ్ళనివ్వాలి. చేపలు లేని తొట్టికి మేత వేయడం చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. మూడు నాలుగు రోజులకు నీరు తెల్లబారితే కంగారుపడి మార్చకూడదు, అది దానంతటదే విరుగుతుంది. చేపలు లేని ఈ నెలలో ఒక్క చిక్కు ఉంది. నిలవ నీరు దొరికితే దోమలు ఊరుకోవు. మూత అంచుల చుట్టూ దోమతెర గుడ్డను క్లిప్పులతో బిగించి, బుడగలతో నీటి పైభాగం కదులుతూ ఉండేలా చూస్తే సరిపోతుంది. చేపలు వచ్చిన తర్వాత ఆ బెంగ ఉండదు, దోమ పిల్లపురుగు కనబడితే గప్పీ వదలదు.

నీరు కుదిరిందో లేదో కంటితో తెలియదు. తేటగా ఉన్న నీరే ఒక్కోసారి విషం. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ మూడింటినీ కొలిచే చుక్కల మందు కిట్ ఒకటి కొనాలి. తొట్టి దీపం కన్నా, అందులో పెట్టే బొమ్మ కోట కన్నా దానికే ముందు డబ్బు తీయాలన్నది నా అభిప్రాయం. ఎక్కువగా దొరికే అమ్మోనియా కిట్‌లో చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల తొట్టి నీరు తీసుకుని, సీసాల్లోని చుక్కలు లెక్కగా వేసి, మూత పెట్టి కుదిపి, ఐదు నిమిషాలు ఆగి, వెలుగులో తెల్ల కాగితం ముందు పెట్టి రంగు చూడాలి. నిమ్మపండు పసుపులో ఉంటే అమ్మోనియా లేదు. లేత చిగురాకు రంగు కాస్త కనబడినా ఉన్నట్టే, ముదురు ఆకుపచ్చ అయితే చాలా ఉన్నట్టు. మొదటి రెండు వారాల్లో ఈ పచ్చదనం పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ ఉండగా నైట్రైట్ పెరుగుతుంది, చివరికి అదీ తగ్గి నైట్రేట్ కనబడుతుంది. మేత వేసిన మర్నాడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే, అలా వరసగా నాలుగు రోజులు చూపిస్తే, నీరు కుదిరినట్టు. మన వేడికి ఇది మూడు వారాల్లోనే జరగవచ్చు, చలికాలంలో ఏడు వారాలు పట్టవచ్చు. క్యాలెండరును కాకుండా గాజు గొట్టాన్ని నమ్మాలి.

తెలిసినవారి ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే, వారి స్పాంజిని మీ తొట్టిలో పిండించుకోవచ్చు, లేదా అందులోంచి ఒక ముక్క అడిగి తెచ్చుకోవచ్చు. పాలలో తోడు వేసినట్టే ఇది. ఆరు వారాల పని రెండు వారాల్లో ముగుస్తుంది. ఆ ముక్కను తడిగా ఉంచి గంటలోపు తెచ్చి వేయాలి.

ఏ చేపలు, ఎన్ని

కఠినమైన నీటికి గప్పీ, మోలీ, ప్లాటీ పుట్టు చుట్టాలు. గప్పీలలో మగవాటినే తీసుకోవాలని నా సలహా. ఆడ గప్పీ నెలకోసారి పాతిక, ముప్పై పిల్లలను ఈనుతుంది. మగదాన్ని వేరు చేసినా, దుకాణంలోనే కడుపులో దాచుకున్న వీర్యంతో నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. మన దేశపు చేపే కావాలంటే జీబ్రా ఉంది. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల్లో వాగుల్లో తిరిగే ఈ రెండంగుళాల చేప వేడికీ చలికీ తట్టుకుంటుంది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్తలు పరిశోధనలకు పెంచేదీ దీనినే. ఇవి గుంపుగా బతికేవి గనుక ఆరింటికి తగ్గకూడదు. మన తొట్టికి ఆరు జీబ్రాలు, ఐదు మగ గప్పీలు నిండుగా సరిపోతాయి. ముందు జీబ్రాలను వేసి, రెండు వారాలు ఆగి, అమ్మోనియా సున్నాలోనే ఉందని చూసుకుని గప్పీలను వేయాలి.

ఫైటర్ చేప అనబడే బెట్టాను పెంచదలిస్తే ఒక్కదానినే పెంచాలి, పొడవు తోకల గప్పీలతో కలపకూడదు. మన కొర్రమీనులాగే అది నీటి పైకి వచ్చి గాలి పీల్చగలదు. దుకాణాల్లో దానిని గుక్కెడు నీళ్ళున్న ప్లాస్టిక్ గ్లాసుల్లో పెట్టి అమ్మగలిగేది ఆ శక్తి వల్లే. బతకగలదు గనుక అలా ఉంచవచ్చని కాదు.

వద్దని చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. గోల్డ్‌ఫిష్ కార్ప్ జాతిది, బాగా పెరిగితే అరచేతిని మించుతుంది, తిన్నంత మురికి చేస్తుంది, దానికి రెండడుగుల తొట్టి చాలదు. నియాన్ టెట్రా అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీటిది, మన బోరు నీటిలో చాలాకాలం నిలవదు. తొట్టి శుభ్రం చేస్తుందని దుకాణాల్లో అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. అలా పెరిగాక చెరువులో వదిలేసినవారి పుణ్యమా అని అది ఈనాడు కృష్ణా నదిలోనూ మన చెరువుల్లోనూ పాకి, డెవిల్ ఫిష్ అనే పేరు తెచ్చుకుని, జాలర్ల వలలు చింపుతోంది. తొట్టి చేపను దేనినీ, ఎంత ముద్దుగా ఉన్నా, బయటి నీటిలో వదలకూడదు. ఎక్కువైనవాటిని దుకాణానికే తిరిగి ఇవ్వాలి, డబ్బు రాకపోయినా సరే.

కొన్న రోజు సంచిని విప్పకుండా తొట్టి నీటిపై ఇరవై నిమిషాలు తేలనివ్వాలి. తర్వాత విప్పి, ఐదు నిమిషాలకోసారి టీ గ్లాసుడు తొట్టి నీళ్ళు సంచిలో పోస్తూ అరగంట గడపాలి. ఆ తర్వాత చేపలను చిన్న వలతో ఎత్తి వదిలి, సంచిలోని నీటిని మాత్రం తొట్టిలో పోయకుండా సింకులో పారబోయాలి. ఆ రాత్రి దీపం వద్దు, మేత వద్దు.

వారం వారం

రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే మేత వేయాలి. మనిషి దగ్గరకు రాగానే చేపలు ముందుకు వచ్చి తోకలాడిస్తాయి, అది ఆకలి కాదు, అలవాటు. కడుపు మాడి చచ్చిన తొట్టి చేపను నేనింతవరకు చూడలేదు, మేత కుళ్ళి చచ్చినవాటిని చాలా చూశాను. వారంలో ఒక రోజు ఉపవాసం ఉంచినా మంచిదే.

వారానికి ఒకసారి పావు వంతు, అంటే సుమారు 11 లీటర్ల నీరు మార్చాలి. మీటరున్నర పారదర్శకమైన గొట్టాన్ని నీటితో నింపి, ఒక చివర తొట్టిలో, రెండో చివర కింద బకెట్టులో పెట్టి, రాళ్ళ సందుల్లో నెమ్మదిగా జరుపుతూ పోతే అడుగున పేరుకున్న మురికి నీటితోపాటే వచ్చేస్తుంది. ఆ నీటిని పారబోయకండి, కరివేపాకు చెట్టుకూ గులాబీ కుండీకీ అంతకంటే మంచి నీరు దొరకదు. కొత్తగా పోసే నీరు చేతికి తొట్టి నీటి వేడిలోనే ఉన్నట్టు తగలాలి. మే నెల మధ్యాహ్నం పైట్యాంకు నుంచి వచ్చే నీరు కాగినట్టే ఉంటుంది గనుక, ఆ పనికి తెల్లవారుజాము మంచిది.

స్పాంజిని మూడు నాలుగు వారాలకోసారి, తొట్టిలోంచి తీసిన ఆ మురికి బకెట్టు నీటిలోనే రెండుసార్లు పిండితే చాలు. కుళాయి కింద పెట్టకూడదు, తెల్లగా కావాలని ఆశపడకూడదు. గోధుమరంగు జిగురు ఉండటమే దాని ఆరోగ్యం.

ఎండాకాలం, కరెంటు కోత

మన దగ్గర చలికాలం పెద్ద సమస్య కాదు, గదిలో నీరు మరీ చల్లబడే ఊళ్ళలో 50 వాట్ల హీటరు ఒకటి సరిపోతుంది. కష్టమంతా ఏప్రిల్, మే నెలల్లోనే. లీటరు నీటిలో 25 డిగ్రీల వద్ద దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే కరుగుతుంది. అదే వేడికి చేపకు కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. చెరువుల మీద తెల్లవారుజామున చేపలు తేలుతున్నాయని రైతులు ఏరియేటర్లు తిప్పేది ఏ కారణానికో, మన తొట్టిలో బుడగలు ఆగకూడదనేదీ అదే కారణానికి.

నీటిని చల్లబరచడానికి మట్టికుండ సూత్రమే మనకు దిక్కు. మూత తీసి, దోమతెర కప్పి, ఒక చిన్న బల్ల ఫ్యానును నీటి పైభాగానికి గాలి తగిలేలా పెడితే, ఆవిరి పోతూ పోతూ నీటిని రెండు మూడు డిగ్రీలు చల్లబరుస్తుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్ళలో ఇంత ఫలితం రాదు. ఆవిరైపోయేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి గనుక, తగ్గిన మేరకు ఆర్‌ఓ నీటితో భర్తీ చేయాలి. ఈ తొట్టికి ఆర్‌ఓ నీరు నేరుగా పనికొచ్చేది ఈ ఒక్క చోటే. మంచుగడ్డలు వేయకూడదు, వేడి కంటే వేడిలో హఠాత్తు మార్పే చేపను ఎక్కువగా దెబ్బతీస్తుంది.

ఎయిర్ పంపు తినే కరెంటు నాలుగైదు వాట్లే. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాన్ని ఇన్వర్టరు లైనుకే కలపాలి, లేకపోతే కరెంటు పోగానే దానంతటదే నడిచే బ్యాటరీ పంపు కొనుక్కోవాలి. అదీ లేనప్పుడు ఒక చెంబుతో తొట్టి నీళ్ళనే తీసి, జానెడు ఎత్తు నుంచి తిరిగి తొట్టిలో పోస్తూ పది నిమిషాలకోసారి ఐదారు చెంబులు తిప్పితే గండం గడుస్తుంది.

జబ్బులు

చేప ఒంటి మీద ఉప్పు పలుకులు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనబడితే, అది రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటూ ఉంటే, తెల్లచుక్కల జబ్బు అన్నమాట. చుక్కలో దాగిన పరాన్నజీవిపై మందు పనిచేయదు, అది చర్మం వదిలి నీటిలో ఈదే దశలోనే చస్తుంది. చుక్కలు రాలిపోగానే తగ్గిందని వైద్యం ఆపేసినవారి తొట్టిలో వారం తర్వాత రెట్టింపుగా తిరిగి వచ్చేది అందుకే. నీటి వేడిని 30 డిగ్రీల దాకా నెమ్మదిగా పెంచి, లీటరుకు 2 గ్రాముల చొప్పున కల్లుప్పును, అంటే మన తొట్టికి 90 గ్రాములను, మూడు భాగాలుగా చేసి మూడు రోజులపాటు నీటిలో కరిగించి పోయాలి. చివరి చుక్క కనుమరుగైన తర్వాత కూడా వారం రోజులు అలాగే ఉంచాలి. మొక్కల ఆకులు కొన్ని పోతాయి, గప్పీలకు ఆ ఉప్పుతో ఇబ్బంది ఉండదు.

చేపలు అలసటగా కనిపించగానే దుకాణంలో చేతికిచ్చే నీలిమందును (మిథిలీన్ బ్లూ) తొట్టిలో పోయకూడదు. అది ఫిల్టరులో నెల రోజులు పెంచుకున్న బాక్టీరియాను చంపి, కథను మళ్ళీ మొదటికి తెస్తుంది. జబ్బు చేపను వేరే బకెట్టులో పెట్టి అక్కడ వాడుకోవచ్చు. ఏ మందు కన్నా ముందు గాజు గొట్టంలో అమ్మోనియా చూడాలి. నా అనుభవంలో జబ్బు అనుకున్నవాటిలో సగానికి పైగా నీటి తేడాలే, సగం నీరు మార్చగానే చేపలు తేరుకున్నాయి.

ఊరెళ్ళేటప్పుడు

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకుండా ఉండగలవు. సంక్రాంతికి నాలుగు రోజులు వెళ్ళేవారు ఎవరికీ ఏమీ అప్పగించనక్కరలేదు. వెళ్ళే ముందు రోజు నీరు మార్చి, దీపాన్ని టైమరుకు కలిపి, ఫిల్టరు మెయిన్ స్విచ్చుతో పాటు ఆగిపోకుండా చూసుకుంటే చాలు. ఒక పండక్కి నేను ఎదురింటివారికి మేత డబ్బా ఇచ్చి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి డబ్బా ఖాళీ, నీటి మీద పచ్చటి మీగడ, ఐదు గప్పీలలో ఒక్కటి మిగిలింది. చేపలు అడిగాయి ఆంటీ, వేశాను అన్నాడట వాళ్ళ ఏడేళ్ళ బాబు మా ఆవిడతో.

పది రోజులు దాటే ప్రయాణమైతే, మందుల దుకాణంలో దొరికే, వారాల పేర్లున్న మాత్రల డబ్బా కొని, రోజు విడిచి రోజు గడిలో ఒక్కొక్క చిటికెడు మేత పెట్టి, మిగిలిన మేతను బీరువాలో దాచి, ఆ డబ్బా ఒక్కటే పొరుగువారికి ఇవ్వాలి. ఖాళీ గడుల రోజున ఏమీ వేయవద్దని నోటితో చెప్పడం కాక డబ్బా మీద రాసి అంటించాలి. తిరిగి వచ్చాక పెట్టెలు విప్పకముందే చేపలను లెక్కపెట్టి, తక్కువైనది ఉంటే మొక్కల వెనక, స్పాంజి కింద వెతికి తీసేసి, అమ్మోనియా చూసి, ఆవిరైన మేరకు నీటిని ఒక్కసారిగా కాకుండా రెండు మూడు విడతలుగా నింపాలి. మేత మర్నాడు వేయవచ్చు.